గచ్చులో చెమ్మ ఉంటే ఏం చేయాలి: షీటా, కోటింగా, ఎపాక్సీయా, తవ్వి మళ్లీ పోయడమా

మా పిన్ని వాళ్లది పాయకాపురంలో గ్రౌండ్ ఫ్లోర్, పైన ఒక గది ఉన్న ఇల్లు, కట్టి ఇరవై ఏళ్లు దాటింది. తమ్ముడి పెళ్లని మే నెలలో పాత గచ్చు మీదే లామినేట్ చెక్క ఫ్లోరింగ్ వేయించారు, మేలో బెజవాడ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, గచ్చు మీద చెయ్యి పెడితే పొడిగా వేడిగా ఉంది, వేసినతను కూడా "బాగా ఎండి ఉందమ్మా, ఏం పర్లేదు" అని రెండు రోజుల్లో పని ముగించుకుని వెళ్లిపోయాడు. శ్రావణం వచ్చేసరికి హాల్లో బీరువా పక్కన పలకల అంచులు పైకి లేచాయి. నేను వెళ్లి ఒక పలక ఊడదీసి చూస్తే అంచు నానిన అటుకుల్లా ఉబ్బిపోయి ఉంది, గోరుతో గీస్తే పొట్టుపొట్టుగా రాలుతోంది, కింద పరిచిన పల్చటి ఫోమ్ తడితడిగా ఉంది, దాని కింద గచ్చు మీద తెల్లగా ముగ్గుపిండి చల్లినట్టు ఉప్పు. వాసన అయితే ఏళ్ల తరబడి మూసిపెట్టిన కొట్టుగది తెరిచినట్టే.

"పోయిన డబ్బు పోయిందిరా, మళ్లీ ఇలా అవ్వకుండా ఇప్పుడేం వేయించాలో చెప్పు" అంది పిన్ని. నేను ఇళ్ల రిపేరు పనులు చేయిస్తుంటాను, ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరూ ముందు పైన ఏం వేయాలి అనే అడుగుతారు. నేనైతే ముందు కింద సంగతి తేల్చుకోమంటాను, ఎందుకంటే కింద చెమ్మకి మందు వేయకుండా పైన ఎంత ఖరీదైంది వేసినా అది ఆ చెమ్మకే బలి అవుతుంది.

కాంక్రీటు చూడటానికి రాయిలా ఉన్నా లోపల వెంట్రుక కంటే సన్నటి దారులు లెక్కలేనన్ని ఉంటాయి, కింద మట్టిలో తడి ఉన్నంతకాలం దీపం వత్తి నూనె పీల్చినట్టు అది పైకి లాగుతూనే ఉంటుంది. గచ్చు మామూలుగా ఉన్నన్నాళ్లూ పైకొచ్చిన తడి గాలికి ఎప్పటికప్పుడు ఆరిపోతుంది కాబట్టి మనకి తెలీదు. దాని మీద గాలి చొరబడని లామినేటో వినైలో పరిచామంటే వేడి అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టే, ఆవిరి పోయే దారి లేక అక్కడే నీరుగా నిలుస్తుంది. పైగా అది ఉత్త నీరు కూడా కాదు, సిమెంటులోని సున్నపు గుణాన్ని, ఉప్పుల్ని వెంటబెట్టుకుని వస్తుంది. కొత్త కాంక్రీటు పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది, వినైల్ అంటించే జిగురు చాలావరకు అంత ఘాటుని తట్టుకోలేదు, మెల్లగా మెత్తబడి పాకంలా అయిపోతుంది, అప్పుడు షీటు కింద బుడగలు, కాలు వేస్తే చపచపమని శబ్దం.

మన ఊళ్లలో ఇది ఎక్కువగా కనపడటానికి కారణాలు కూడా ఉన్నాయి. సింగ్‌నగర్, పాయకాపురం అంతా బుడమేరు పల్లం, 2024 సెప్టెంబర్ 1న ఆ నీళ్లు ఇళ్లల్లోకొచ్చి రోజుల తరబడి ఎలా నిలబడ్డాయో అందరం చూశాం. కాలవల పక్క ఇళ్లకైతే ఎండాకాలంలో ఉన్న నేల వేరు, కాలవ వదిలాక ఉండే నేల వేరు. గుంటూరు వైపు నల్లరేగడిలో ఇంకో బాధ, ఆ మట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది, దాంతో పైన పోసిన కాంక్రీటు బెడ్డు పగుళ్లిస్తుంది, పగులంటూ ఇచ్చాక తడికి రాచబాటే. వీటన్నిటికీ తోడు వీధి రోడ్డు, వేసిన ప్రతిసారీ పాతదాని మీదే ఇంకో పొర వేస్తూ పోతే ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన ఇల్లు ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్లే ఇల్లయింది, వాన నీరంతా గోడ మొదట్లోకే చేరుతోంది.

అందుకే మేలో చూసి నిర్ణయం తీసుకోవద్దని ఇంతగా చెప్తున్నాను. గచ్చుని ఆగస్టులో, సెప్టెంబర్‌లో చూడాలి, వేయించడం కావాలంటే తర్వాత వేయించుకోండి.

చూడటం అంటే ముందు ఇంట్లో ఎవరైనా చేసుకోగలిగిన పరీక్ష ఒకటుంది. అడుగున్నర చదరం పారదర్శకంగా ఉండే మందపాటి పాలిథీన్ ముక్క తీసుకుని, గచ్చు శుభ్రంగా ఊడ్చి, నాలుగు అంచులూ గాలి దూరకుండా మంచి టేపుతో అంటించేయాలి. కనీసం 16 గంటలు ఉంచమంటారు, నేను ఒక రోజు పూర్తిగా, వీలైతే రెండు రోజులు వదిలేస్తాను. ఒక్క చోట పెడితే లాభం లేదు, వీధి గోడ పక్కన ఒకటి, బాత్రూమ్ గోడ పక్కన ఒకటి, గది మధ్యలో ఒకటి పెట్టండి. తీసినప్పుడు షీటు అడుగున మంచు పట్టినట్టుందా, కింద గచ్చు రంగు మారి ముదురుగా ఉందా చూడండి, ఉంటే తడి కింద నుంచే వస్తోంది. షీటు పైన తడి ఉండి అడుగున పొడిగా ఉంటే అది గాలిలో తేమ చల్లటి నేలకి పట్టింది, దానికి మందు వేరు, కిటికీలు తీసి గాలాడనివ్వాలి. ఒక జాగ్రత్త, షీటు కింద తడి కనపడితే చెమ్మ ఉన్నట్టే గానీ కనపడనంత మాత్రాన లేనట్టు కాదు, బెడ్డు లోపల దాక్కున్న తేమని ఈ పరీక్ష పట్టలేదు. టైల్స్ వేసుకునేవాళ్లకి ఇది చాలు. ఖరీదైన చెక్కో, అంటించే వినైలో వేసేవాళ్లకి చాలదు.

వాళ్లకి ఇంకో రెండు పద్ధతులున్నాయి. ఒకటి కాల్షియం క్లోరైడ్ పరీక్ష, చిన్న డబ్బాలో ఆ ఉప్పు తూచి పెట్టి మూత బోర్లించి 60 నుంచి 72 గంటలు ఉంచి మళ్లీ తూస్తారు, ఎంత బరువు పెరిగిందో దాన్నిబట్టి వెయ్యి చదరపు అడుగులకి రోజుకి ఎన్ని పౌండ్ల ఆవిరి వస్తోందో లెక్క కడతారు, చాలా ఫ్లోరింగులకి 3 పౌండ్లు హద్దుగా చెప్పేవారు. అయితే ఇది కాంక్రీటు పైపొర సంగతే చెప్తుంది. రెండోది నాకు నమ్మకం ఉన్నది, బెడ్డులో డ్రిల్లుతో కన్నం వేసి లోపల సెన్సర్ పెట్టి ఆ కన్నంలో గాలికి ఎంత తేమ శాతం ఉందో చూడటం. ఏఎస్‌టీఎం ఎఫ్ 2170 అనే ప్రమాణం ప్రకారం నేల మీద పోసిన బెడ్డుకి మందంలో 40 శాతం లోతు దాకా కన్నం వేయాలి, అంటే 4 అంగుళాల బెడ్డుకి సుమారు అంగుళంన్నర పైచిలుకు, పెట్టి 24 గంటలు ఆగాక రీడింగ్ తీసుకోవాలి, మొదటి వెయ్యి చదరపు అడుగులకి కనీసం మూడు చోట్ల. చెక్కకి 75, వినైల్ జిగురుకి 80, 85 శాతం, అలా ఫ్లోరింగుని బట్టి, కంపెనీని బట్టి హద్దు మారుతుంది, కాబట్టి డబ్బా మీదో డేటా షీట్‌లోనో ఏం రాశారో చూపించమని అడగండి, చూపించలేనివాళ్ల దగ్గర అంటించే ఫ్లోరింగ్ కొనకండి.

పరీక్షలో తడి తేలితే వెంటనే కోటింగ్ డబ్బాకి పరిగెత్తొద్దు. ముందు అది మట్టిలోంచి వస్తోందా, పైపు లీకా చూసుకోవాలి. రాత్రి అన్ని కుళాయిలూ కట్టేసి, మోటారు వేయకుండా, పైన ట్యాంకులో నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీసి పొద్దున్నే చూడండి, గీత కంటే దిగిందంటే ఎక్కడో కారుతోంది. పిన్ని ఇంట్లో బాత్రూమ్ గోడ దగ్గరి షీటు ఒక్కరోజుకే చుక్కలు చుక్కలుగా తడిసిపోయింది, గోడ కొట్టి చూస్తే పైపు మలుపు దగ్గర సన్నగా చెమ్మగిల్లుతోంది. అది బాగుచేయకుండా పైన ఎపాక్సీ వేసి ఉంటే ఆ డబ్బూ దండగే.

ఇక అసలు విషయం, దేనికి ఏది.

కొత్త బెడ్డు అయితే, కింద షీటు వేసి పోసినదైతే, ఊరికే ఆగడమే అన్నిటికంటే చవకైన మందు. అంగుళం మందానికి నెల అని ఒక మోటు లెక్క ఉంది, 4 అంగుళాలకి నాలుగు నెలలు, అదీ క్యూరింగ్ అయిపోయి పైకప్పు పడి నేల మీద నీళ్లు పోయడం ఆపిన రోజు నుంచి లెక్క. మన వానాకాలంలో ఇంకా ఎక్కువే పడుతుంది. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని ఈ నాలుగు నెలల్ని నెలకి కుదించమని అడుగుతారు, కుదరదు, అప్పుడు టైల్స్ వేసుకోండి, చెక్క తర్వాత చూద్దాం అంటాను. కింద షీటు లేకుండా పోసిన బెడ్డుకి అసలు ఈ లెక్కే వర్తించదు, మట్టి పైకి ఇస్తూ ఉంటే అది ఆరేది ఎప్పుడు.

పాలిథీన్ షీటు పరిచి దాని మీద ఫ్లోరింగ్ వేయడం చాలా చవక, అందరూ ముందు దీనికే మొగ్గుతారు. కానీ ఇది తేలుతూ కూర్చునే ఫ్లోరింగుకే పనికొస్తుంది, అంటే లామినేట్, క్లిక్ ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు) లాంటివి, జిగురుతో అంటించే దేనికీ పనికిరాదు. కనీసం 200 మైక్రాన్ మందం ఉండాలి, ఒకదాని మీద ఒకటి 8 అంగుళాలు ఎక్కాలి, ఎక్కిన చోట టేపు వేయాలి, గోడ పక్కన రెండంగుళాలు పైకి తిప్పి స్కిర్టింగ్ వెనక దాచాలి. పిన్ని ఇంట్లో వేసిన పల్చటి ఫోమ్‌ని షీటు అనుకోకండి, అది మెత్తదనం కోసం వేసేది. సరిగ్గా వేసినా కూడా ఇది తడిని ఆపదు, మీ పలక దాకా రాకుండా కిందే ఉంచుతుంది, అందుకే కొంచెం చెమ్మ ఉన్న గదులకి, పై అంతస్తులకి సరే గానీ షీటు పరీక్షలో చుక్కలు పట్టిన నేలకి వద్దు, కింద నీరు నిలిచి వాసన మొదలవుతుంది.

నేను మన దగ్గర గ్రౌండ్ ఫ్లోర్లకి ఎక్కువగా చెప్పేది పాలిమర్ సిమెంట్ కోటింగ్, పొడి ఒక సంచిలో ద్రవం ఒక డబ్బాలో వస్తాయి కదా అది. మామూలు మేస్త్రి బ్రష్‌తో వేయగలడు, నేల కొంచెం తడిగా ఉన్నా పట్టుకుంటుంది, ఎపాక్సీ అంత ఖర్చు కాదు. రెండు కోట్లు, మొదటిది నిలువుగా రాస్తే రెండోది అడ్డంగా, గోడ మీదకి కూడా అడుగు ఎత్తు తీసుకెళ్లాలి. ఇది ఆవిరిని పూర్తిగా మూసేయదు, బాగా తగ్గిస్తుందంతే, కాబట్టి దీని మీద టైల్స్‌కీ గ్రానైట్‌కీ బ్రహ్మాండంగా ఉంటుంది, చెక్కకీ అంటించే వినైల్‌కీ దీన్ని నమ్ముకోకూడదు.

నిజంగా ఆవిరిని ఆపేది చెమ్మ కోసమే తయారుచేసిన రెండు డబ్బాల ఎపాక్సీ. వాటిలో మంచివి లోపల తేమ నూటికి నూరు శాతం ఉన్నా తట్టుకునేలా చేస్తారు. దీనిలో డబ్బా కంటే ముందు పనే ముఖ్యం. గచ్చు మీద సిమెంటు పాలు తేరిన నున్నటి బలహీనమైన పొర ఉంటుంది, దాన్ని డైమండ్ చక్రం ఉన్న గ్రైండింగ్ మెషిన్‌తో తీసేయాలి, గరుకు కాగితంలా తయారవ్వాలి, పాత పెయింటు, నూనె, జిగురు ఏదీ మిగలకూడదు, పగుళ్లు ముందే నింపుకోవాలి. వాక్యూమ్ పెట్టి దుమ్ము లాగాలి, చీపురు చాలదు. ఇంకోటి మన ఎండలకి సంబంధించింది, రెసిన్, హార్డెనర్ అనే ఆ రెండు డబ్బాలూ కలిపాక బకెట్లో ఉంచితే దానంతట అదే వేడెక్కి గడ్డకట్టేస్తుంది, 40 డిగ్రీల ఎండలో ఇంకా తొందరగా, అందుకే కలిపిన వెంటనే నేల మీద పోసేసి పరుచుకోవాలి, పొద్దున్నే చల్లపూట మొదలుపెడితే మేలు. మామూలు ఎపాక్సీ పెయింటు తెచ్చి ఇదీ అదీ ఒకటేనని వేసేవాళ్లున్నారు, తడి నేల మీద అది పొక్కులొచ్చి లేచిపోతుంది. సరిగ్గా వేస్తే దీనికి తిరుగులేదు, కానీ ఖర్చు చూసుకోవాలి, చిన్న గదికైనా మెషిన్, మనుషులు, డబ్బాలు కలిపి పైన వేసే ఫ్లోరింగ్ ధరకి దగ్గరగా తేలుతుంది. పైన ఎలాగూ చెక్కే కావాలి అనుకుంటే తప్ప నేను దీనికి వెళ్లమని చెప్పను.

మార్కెట్లో గచ్చు మీద స్ప్రే కొట్టే ద్రవాలు కూడా ఉన్నాయి, సిలికేట్ రకాలు, గచ్చులో సున్నంతో కలిసి లోపలే గట్టిపడతాయి. గచ్చు దుమ్ము రాలకుండా గట్టిగా అవుతుంది, అంతవరకు మంచిదే. దాన్ని చెమ్మకి మందుగా అమ్మితే కొనొద్దు, ఆవిరి దాని గుండా వస్తూనే ఉంటుంది.

చివరిది తవ్వి మళ్లీ పోయడం. ఇల్లు ఖాళీ చేయాలి, దుమ్ము, ఖర్చు, రెండు మూడు నెలలు పట్టే పని, అయినా గచ్చు ఎక్కడికక్కడ పగిలి కుంగి ఉంటే, పది ఇరవై ఏళ్లు ఉండాల్సిన సొంత ఇల్లయితే ఇదే చేయించండి. పాత గచ్చు, కింద నింపిన నల్లమట్టి తీసేసి, ఇసుకతో గట్టిగా దిమ్మిస కొట్టి, దాని మీద 20 ఎంఎం కంకర నాలుగు అంగుళాలు, రాతిపొడి కలవని శుభ్రమైన కంకర, ఎందుకంటే రాళ్ల మధ్య ఖాళీ పెద్దదైతే తడి పైకెక్కలేదు. కంకర మీద గుచ్చుకోకుండా పల్చగా ఇసుకతో సదును చేసి, మందపాటి పాలిథీన్, దాని మీద నేరుగా కాంక్రీటు. షీటు పైన మళ్లీ ఇసుక వేయమంటారు కొందరు మేస్త్రులు, వేయనివ్వకండి, ఆ ఇసుకే నీళ్లు దాచుకుని తర్వాత మెల్లగా పైకి వదులుతుంది. పోసే రోజు ఇంట్లోవాళ్లు ఒకరు దగ్గరుండి తీరాలి, గమేళాలు, పారలు, చెప్పులు, ఒక్క కన్నం పడ్డా చూసినప్పుడే టేపు వేయించాలి, కాంక్రీటు పడ్డాక ఎవరికీ కనపడదు.

ఏ దారి పట్టినా ఒకటి చూసుకోండి, పాత ఇళ్లల్లో చాలావాటికి గోడ కింద డీపీసీ, అంటే తడి గోడెక్కకుండా అడ్డంగా వేసే పొర, ఉండదు, నేలని గట్టిగా మూసేస్తే ఆ తడి పక్కకి జరిగి గోడెక్కుతుంది. ముందు లేని చోట అడుగు ఎత్తున ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలడం మొదలైతే ఆశ్చర్యపోవద్దు. బయట వైపు గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా వాలు తీయించడం, లోపల గోడ కిందిభాగానికి ప్లాస్టిక్ పెయింటు వేయకుండా ఉంచడం ఈ పనితో పాటే చేయాలి. వరద చూసిన ఇళ్లకి ఇంకా ఓపిక కావాలి, ఒండ్రు కడిగి, ఫ్యాన్లు పెట్టి, కనీసం ఒక ఎండాకాలం దాటనిచ్చి, మళ్లీ వానల్లో పరీక్ష చేసి అప్పుడు వేయించుకోండి.

పైన వేసే వాటి సంగతి క్లుప్తంగా చెప్తాను. చెమ్మ ఉన్న గ్రౌండ్ ఫ్లోర్‌కి విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, బేతంచర్ల బండలు, ఇవి తడికి పాడవ్వవు, మహా అయితే పలకల మధ్య గీతల్లో తెల్లగా ఉప్పు లేస్తుంది. తెల్ల మార్బుల్ వద్దు, కింద నుంచి తడి వస్తే పసుపు మరకలు పడతాయి, అవి పోవు. ఎస్‌పీసీ పలక నీళ్లకి ఉబ్బదు, అది నిజమే, దాన్ని చూపించి ఏ నేల మీదైనా వేయొచ్చు అని అమ్ముతారు, పలక బాగానే ఉంటుంది, పలక కింద బూజు పెరుగుతుంది. లామినేట్ లోపల ఉండేది నొక్కిన చెక్కపొడి, కింద అంతస్తులో నేనైతే వేయను.

పిన్ని ఇంట్లో పైపు బాగుచేయించాక నెల ఆగి మళ్లీ మూడు షీట్లు అంటించాం. బాత్రూమ్ పక్క ఆరిపోయింది, మధ్యలో పర్లేదు, వీధి గోడ పక్కన మాత్రం అలాగే మంచు పట్టింది, రోడ్డు ఎత్తు వల్ల. తమ్ముడికి వాడి గదిలో చెక్కే కావాలని ఉంది, ఎపాక్సీ ఖర్చు చెప్పాక చెక్క గీతలున్న పొడవాటి టైల్స్‌కి ఒప్పుకున్నాడు. గ్రౌండ్ ఫ్లోర్ అంతా గ్రైండింగ్ చేసి పాలిమర్ కోటింగ్ రెండు కోట్లు, దాని మీద టైల్ అడ్హెసివ్‌తో టైల్స్, పై గదిలో షీటు పరిచి ఎస్‌పీసీ. తలుపులు అరంగుళం పైగా కోయించాల్సి వచ్చింది, అది ముందే లెక్కలో పెట్టుకోండి. ఈ వానలకి వీధి గుమ్మం దగ్గర ఒక్క గీతలో తెల్లగా లేచింది, తడిగుడ్డతో తుడిస్తే పోయింది, మళ్లీ వస్తే ఆ వైపు బయట మట్టి తీయించి వాలు సరిచేయిస్తానని పిన్నికి చెప్పాను.